పొద్దున్నే రమ్మనేది ఊరికే కాదు

(న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో రేడియోధార్మిక మందులు కలిపి, కొలిచి, సిరంజిల్లో నింపి పంపడం నా ఉద్యోగంగా ఉండేది. ఆ విషయాల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ వారం జవాబులు.)

ప్రశ్న: మా అమ్మకు బోన్ స్కాన్ కోసం ఉదయం 8 గంటలకు రమ్మన్నారు. బస్సు ఆలస్యమై మేం చేరేసరికి మధ్యాహ్నం 2 దాటింది. "ఇవాళ్టి మందు అయిపోయింది, రేపు రండి" అని పంపేశారు. పొద్దున చేసిన మందు మధ్యాహ్నానికి పాడవుతుందా? లేక ఇంకెవరికైనా ఇచ్చేశారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొంత అదీ, కొంత ఇదీనమ్మా. ఎముకల స్కాన్‌కు వాడేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు 6 గంటలు. అంటే ఉదయం 8కి సిరంజిలో 20 మిల్లీక్యూరీలుంటే (రేడియోధార్మికతను కొలిచేది మిల్లీక్యూరీల్లోనే) మధ్యాహ్నం 2కి 10, రాత్రి 8కి 5. ఫ్రిజ్‌లో పెట్టినా, ఎండలో పెట్టినా ఆ లెక్క మారదు.

అందుకే దాన్ని ముందే చేసి నిల్వ ఉంచే వీల్లేదు. ఆస్పత్రికి వచ్చేది జనరేటర్ అనే సీసపు డబ్బా. లోపల అల్యూమినా నింపిన చిన్న గొట్టానికి మాలిబ్డినం-99 పట్టుకుని ఉంటుంది. మేం ముద్దుగా మాలీ అంటాం. అది 66 గంటల అర్ధాయువుతో మెల్లగా టెక్నీషియంగా మారుతుంటుంది. గాలి తీసేసిన ఖాళీ వయల్‌ను సూదికి గుచ్చగానే సెలైన్ గొట్టం గుండా లాక్కొస్తుంది. టెక్నీషియం అందులో కొట్టుకొచ్చేస్తుంది, మాలీ మాత్రం గొట్టాన్ని వదలదు. చివర్లో వయల్‌లో బుడగలు వస్తే పని అయినట్టు. 1950ల చివర్లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో దీన్ని కనిపెట్టారు. ఈ డబ్బాను ఆవు అనడం, మందు తీయడాన్ని పాలు పితకడం అనడం ఈ రంగంలో మామూలే. పొద్దున పితికాక పొదుగు మళ్లీ పూర్తిగా నిండాలంటే దాదాపు ఒక రోజు ఆగాలి. సోమవారం ఎంత వచ్చిందో గురువారం అందులో సగం కూడా రాదు. వారం చివర అపాయింట్‌మెంట్లు తక్కువ ఇచ్చేది అందుకే.

సగం బలం పోతే రెట్టింపు మిల్లీలీటర్లు ఎక్కించొచ్చు కదా అని మీరు అడగొచ్చు. వయల్‌లో మిగిలి ఉంటే ఎక్కించొచ్చు. కానీ ఆ రోజు వచ్చే రోగులందరి పేర్లూ, టైములూ చూసుకుని పొద్దునే వాటాలు వేసేస్తారు. పైగా ఎముకల మందు ఇచ్చాక దాదాపు 3 గంటలు ఆగి స్కాన్ తీయాలి. 2 దాటాక ఇస్తే సాయంత్రం అయిపోతుంది. అప్పటికి సిబ్బంది డ్యూటీ దిగిపోతారు, దాచడమెందుకు. అయినా ఈ సంగతంతా దూరం నుంచి వచ్చేవాళ్లకు ముందురోజే ఫోన్ చేసి చెప్పాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. అది చేయకుండా "రేపు రండి" అనడం నాకు నచ్చదు. ఈసారి ముందురోజు రాత్రికే ఊళ్లోకి చేరుకోండి.

ప్రశ్న: నేను డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్నాను. ఇంత కొద్ది పదార్థాన్ని ఎలా తూస్తారు? డోసు తప్పితే తెలిసేదెలా? – ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: తూచడం అన్న ఊసే లేదు బాబూ. 20 మిల్లీక్యూరీల టెక్నీషియం బరువు ఎంతో తెలుసా? గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో సుమారు 4 భాగాలు. కానీ ఆ పిసరులోనే సెకనుకు 74 కోట్ల పరమాణువులు విఘటనం చెందుతుంటాయి. మాకు కావలసింది ఆ సంఖ్యే. సెకనుకు ఒకటైతే 1 బెకరెల్. 1 మిల్లీక్యూరీకి 3 కోట్ల 70 లక్షల బెకరెల్స్.

కొలిచే యంత్రం పేరు డోస్ క్యాలిబ్రేటర్. మధ్యలో లోతైన గుంట, దాని చుట్టూ మూసేసిన గదిలో ఒత్తిడితో నింపిన ఆర్గాన్ వాయువు. సిరంజిని గుంటలోకి దించితే గామా కిరణాలు ఆర్గాన్‌ను అయనీకరిస్తాయి, అతి చిన్న కరెంటు పుడుతుంది. యంత్రం దాన్నే మిల్లీక్యూరీలుగా చూపిస్తుంది. అయితే లోపలున్నది ఏ ఐసోటోపో దానంతట దానికి తెలియదు, మనమే బటన్ నొక్కి చెప్పాలి. టెక్నీషియం పెట్టి అయోడిన్ బటన్ నొక్కితే ఏదో ఒక అంకె ధీమాగా చూపిస్తుంది, అది తప్పుడు అంకె. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది ఈ బటనే.

రోజూ పొద్దున మొదటి పని సీజియం-137 ముక్కను అందులో పెట్టి చూడడం. దాని అర్ధాయువు 30 ఏళ్లు కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ రీడింగ్ మారకూడదు. ఉండాల్సిన దానికి 5 శాతం మించి తేడా వస్తే ఆ యంత్రాన్ని ఆ రోజు నమ్మం.

తర్వాతది మాలీ పరీక్ష. అప్పుడే తీసిన వయల్‌ను మందపాటి సీసపు డబ్బాలో పెట్టి కొలుస్తాం. టెక్నీషియం కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, సీసం వాటిని ఆపేస్తుంది. మాలీవి 740 దాకా ఉంటాయి, దాటుకుని వస్తాయి. అలా గొట్టం నుంచి తప్పించుకొచ్చిన మాలీ ఎంతో తేలుతుంది. 1 మిల్లీక్యూరీ టెక్నీషియంకు 0.15 మైక్రోక్యూరీ మించితే ఆ మందు రోగికి పనికిరాదు. ఇక్కడో మెలిక ఉంది. టెక్నీషియం త్వరగా తరుగుతుంది, మాలీ నెమ్మదిగా. కాబట్టి ఈ నిష్పత్తి గంట గంటకూ పెరుగుతుంది, 6 గంటల్లో దాదాపు రెట్టింపవుతుంది. ఉదయం 0.1 వచ్చిందని నిశ్చింతగా కూర్చుంటే మధ్యాహ్నానికి అది హద్దు దాటేస్తుంది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే చాలామంది తప్పు రాస్తారు, గుర్తుపెట్టుకో.

ఇక డోసు సంగతి. ప్రతి సిరంజినీ ఇచ్చేముందు కొలిచి, టైముతో సహా లేబుల్ మీద రాస్తాం. ఇచ్చాక ఖాళీ సిరంజిని మళ్లీ కొలుస్తాం, సూది మొదట్లో నిలిచిన చుక్కలో కూడా కొంత ఉంటుంది. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే రోగికి వెళ్లిందెంతో తేలుతుంది.

ప్రశ్న: మా తమ్ముడికి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత 100 మిల్లీక్యూరీల అయోడిన్ ఇస్తారట. "సరుకు ముంబయి నుంచి రావాలి" అంటున్నారు. ఇది అణు విద్యుత్ కేంద్రాల వ్యర్థమా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: వ్యర్థం కాదు మాస్టారూ, పనిగట్టుకుని చేసిందే. ట్రాంబేలో 1985 నుంచి నడుస్తున్న ధ్రువ అనే పరిశోధన రియాక్టర్‌లో టెల్లూరియంను న్యూట్రాన్ల మధ్య ఉంచితే అందులో అయోడిన్-131 పుడుతుంది. వేడిచేసి ఆవిరిగా దాన్ని వేరుచేస్తారు. నవీ ముంబయిలోని వాషిలో ఉన్న బ్రిట్ సంస్థ ఆస్పత్రులకు పంపుతుంది. దీని అర్ధాయువు 8 రోజులు, కాబట్టి లేబుల్ మీద ఏ తేదీన, ఏ గంటకు ఎన్ని మిల్లీక్యూరీలో రాసి ఉంటుంది. ఇచ్చేరోజు మళ్లీ కొలుస్తారు.

రియాక్టర్ ఆగితే ఏమవుతుందో 2009లో లోకమంతా చూసింది. కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ భారజలం లీకై ఆ మే నెలలో ఆగి, 2010 ఆగస్టులో గానీ మళ్లీ నడవలేదు. అక్కడ తయారయ్యే మాలీకి కరువొచ్చి ఎన్నో దేశాల్లో స్కాన్లు వాయిదాపడ్డాయి. కాబట్టి సరుకు నాలుగు రోజులు ఆలస్యమైతే టెన్షన్ పడకండి.

మీవాడిని విడిగా ఒక గదిలో ఉంచుతారు, ఆ బాత్రూమ్ నీళ్లు కూడా కొన్నాళ్లు ప్రత్యేక ట్యాంకుల్లో ఉండి గానీ బయటికి పోవు. ఒక మీటరు దూరం నుంచి రేడియేషన్ కొలిచే పరికరంతో చూసి, రీడింగ్ హద్దులోకి వచ్చాకే ఇంటికి పంపుతారు.

ప్రశ్న: పెట్ స్కాన్ మందు కూడా ఇలా డబ్బాలోనే వస్తుందా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: రాదు. అది ఫ్లోరిన్-18, అర్ధాయువు 110 నిమిషాలే. ప్రోటాన్లను అతివేగంగా పరిగెత్తించే సైక్లోట్రాన్ అనే యంత్రంలో, ఆ ప్రోటాన్లతో ఆక్సిజన్-18 ఎక్కువగా ఉన్న నీటిని కొట్టి చేస్తారు. చేసిన వెంటనే కారులోనో విమానంలోనో పరుగు.

ప్రశ్న: మా అత్తగారు థైరాయిడ్‌కు అయోడిన్ క్యాప్సూల్ వేసుకున్నారు. వచ్చే నెల డల్లాస్ వెళ్లాలి. ఎయిర్‌పోర్టులో ఇబ్బందా? – ఒక కోడలు, విజయవాడ

జవాబు: మెటల్ డిటెక్టర్‌తో ఇబ్బంది లేదమ్మా. కానీ అమెరికాలో రేడియేషన్ పసిగట్టే పరికరాలు అధికారుల దగ్గరుంటాయి, క్యాప్సూల్ వేసుకున్న కొన్ని వారాల దాకా అవి మోగొచ్చు. ఐసోటోపు పేరు, డోసు, ఇచ్చిన తేదీ, ఆస్పత్రి ఫోన్ నంబరుతో ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం రాయించుకోండి. సూట్‌కేసులో కాకుండా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టండి.