ఓపీ చీటీ చదవడం ముందు నేర్చుకో

పర్లాకిమిడి

అమ్మలూ,

మొన్న ఫోనులో సిగ్నల్ పోయి మాట మధ్యలో ఆగిపోయింది, అందుకే రాస్తున్నా. ఫార్మ్-డి (మందుల చదువు) అయ్యింది, ఇక ఆస్పత్రి రికార్డులు పట్టుకుని ఏ మందు ఎవరికి నిజంగా పనిచేసిందో తేల్చే ఉద్యోగంలో చేరతానన్నావు. లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్లలో ఆర్ నేర్చుకోనా, శాస్ నేర్చుకోనా అని అడిగావు. ఆర్ నేర్చుకో, డబ్బు కట్టక్కర్లేదు. ఆ సంగతి అంతే. నా దిగులు వేరే.

టీబీ రిజిస్టరు నేనే రాసే రోజుల్లో ఒకతను మూడో నెల మందులకి రాలేదు. ‘మానేశాడు’ అని రాసేశాను. తీరా చూస్తే కూలిపని దొరికి సరిహద్దు దాటి ఆంధ్రాలో పాతపట్నం పోయి, అక్కడ మందులు తీసుకుంటున్నాడు. ఇక్కడ పేరు ఒడియా పలుకుబడిలో, అక్కడ తెలుగులో, వయసు నాలుగేళ్లు తేడా. ఒక్క మనిషి ఇద్దరయ్యాడు. అతను లక్షణంగా కోలుకున్నాడు, నా లెక్కలో మాత్రం మధ్యలో మానేసినవాడే. తప్పు నాదే. 2012లో టీబీ రోగుల్ని ఆన్‌లైన్లో నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్ వచ్చాక టీబీ వరకూ ఈ బాధ కొంత తగ్గింది. మిగతా జబ్బులకి?

అందుకే చేరగానే ఓ నెల ఓపీ కౌంటర్ దగ్గర కూర్చో. ఎవరూ కూర్చోమనరు, నువ్వే అడుగు. చీటీలో డాక్టరు ‘జ్వరం’ అని రాస్తే కంప్యూటర్లో మలేరియా కోడు ఎందుకు పడిందో, లైను పెరిగినప్పుడు వయసు అడక్కుండానే ఎలా నింపేస్తారో కళ్లారా చూడు. ఈ చదువు ఏ కోర్సులోనూ లేదు.

ఇక పోలిక. మన కొండల్లో సికిల్‌సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) రోగులున్నారు కదా, నొప్పులు విపరీతంగా వచ్చేవాళ్లకే డాక్టర్లు ఎక్కువగా, ఆ నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు రాస్తారు. రేపు నువ్వు ఆ మందు వాడినవాళ్లనీ వాడనివాళ్లనీ ఊరికే పక్కపక్కన పెట్టావనుకో, వాడినవాళ్లే ఎక్కువసార్లు ఆస్పత్రిలో చేరినట్టు కనిపించొచ్చు. గొడుగు పట్టుకున్నవాళ్లే తడిశారని గొడుగుని తిట్టినట్టుంటుంది. మందు మొదలెట్టక ముందు ఏడాది ఎన్నిసార్లు చేరారో చూసి, అలాంటివాళ్లతోనే పోల్చు. 2023 జులై 1న మొదలైన సికిల్‌సెల్ మిషన్ కింద నలభై ఏళ్లలోపు ఏడు కోట్లమందిని పరీక్షించాలన్నారు. ఆ రికార్డులన్నీ ఎవరో ఒకరు సరిగ్గా చదవాలి కదా! డాక్టరుకి జబ్బు తెలుసు, స్టాటిస్టిక్స్ అబ్బాయికి లెక్క తెలుసు, రెండూ తెలిసినవాళ్లే కరువు.

మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణిచ్చి 39 ఊళ్లలో పసిబిడ్డల్ని చూసుకుని వివరాలు రాయమన్నారు, మరో 47 ఊళ్లతో పోల్చారు. 1999లో అది లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పెద్ద డిగ్రీలున్నవాళ్లే డేటా రాయగలరని ఎవరైనా అంటే ఇది చెప్పు. మన జిల్లాలో అయితే సవర భాష వచ్చిన మనిషి లేకుండా ఇంటింటి సర్వే మాట ఎత్తకు.

ఇంటర్వ్యూలో జీతం ఎలాగూ అడుగుతావు. దాంతోపాటు, తిరిగి రాని రోగుల్ని వెతకడానికి మనిషి ఉన్నాడా, అతని బస్సు ఖర్చు ఎవరిస్తారు అని కూడా అడుగు. నీళ్లు నమిలారా, ఇంకో ఉద్యోగం కూడా చూసుకుంటూ ఉండు.

మీ పెదనాన్న