ఎంపీలు అడిగే లిఖితపూర్వక ప్రశ్నల వల్ల ప్రభుత్వం నిజంగా జవాబుదారీ అవుతుందా?

"ఫలానా ఎంపీ అడిగిన ప్రశ్నకు కేంద్ర సహాయ మంత్రి లిఖితపూర్వకంగా సమాధానమిచ్చారు" అని పత్రికలో ఓ మూల రెండు వాక్యాలు కనిపిస్తుంటాయి. సభలో ఎవరూ చదివి వినిపించని ఆ కాగితాలతో ప్రభుత్వాన్ని నిలదీసేది ఏముంటుందన్నది మీ సందేహం. ఢిల్లీలో కొన్నేళ్లు ఉత్తరాంధ్రకు చెందిన ఒక లోక్‌సభ సభ్యుడి దగ్గర పరిశోధన సహాయకుడిగా పని చేశాను. పేరుకు పరిశోధన అయినా, సమావేశాలు జరిగే రోజుల్లో నా పనంతా ప్రశ్నలు రాయడమూ, వచ్చిన సమాధానాలు చదవడమూనే. ఆ అనుభవంతో చెబుతున్నాను: ప్రయోజనం ఉంటుంది. అయితే అది ప్రశ్న అడిగినంత మాత్రాన రాదు. ప్రశ్నలో తప్పించుకునే సందు ఎంత తక్కువగా ఉంచాం, వచ్చిన సమాధానాన్ని పట్టుకుని తర్వాత ఏం చేశాం అన్న రెండింటి మీదా ఆధారపడి ఉంటుంది.

ముందుగా పద్ధతి గురించి కొంత చెప్పాలి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు గల ప్రశ్నలు, 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు జాబితాలో చేరుతాయి. రాజ్యసభలో ఈ సంఖ్యలు 15, 160. నక్షత్ర గుర్తు ఉన్నవాటికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, వాటిపై అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేనివాటికి సమాధానాన్ని రాతపూర్వకంగా సభ ముందు ఉంచుతారు, అనుబంధ ప్రశ్నలు ఉండవు. మంత్రిత్వ శాఖలను ఐదు గుంపులుగా విభజించి ఒక్కో గుంపుకు వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు. నోటీసు కనీసం 15 రోజుల ముందు అందాలి. వచ్చిన నోటీసులకు లాటరీ తీసి వరుస నిర్ణయిస్తారు. లోక్‌సభలో ఒక సభ్యుడి పేరున ఒక రోజుకు ఐదుకు మించి ప్రశ్నలు జాబితాలోకి రావు, వాటిలో నక్షత్ర గుర్తు గలది ఒక్కటే ఉండాలి.

కొత్త సభ్యులందరికీ ఆ నక్షత్ర గుర్తు మీదే మోజు. టీవీలో కనిపిస్తారు, మంత్రిని నిలబెట్టి అడిగినట్టుంటుంది, నియోజకవర్గంలో చూపించుకోవడానికి వీడియో దొరుకుతుంది. అందులో తప్పేమీ లేదు. కాని 20 ప్రశ్నల్లో ప్రశ్నోత్తరాలకు కేటాయించిన గంట ముగిసేలోపు నోటి జవాబు దాకా వచ్చేవి ఏ నాలుగైదో. సభలో గొడవ జరిగి వాయిదా పడిందా, అవీ లేవు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు ఆ బెంగ లేదు. సభ నడిచినా నడవకపోయినా జాబితాలో చేరిందంటే ఆ రోజుకు సమాధానం రావాలి. పైగా నోటి జవాబులో మంత్రి పది మాటలు తిప్పి చెప్పగలరు. కాగితం మీది జవాబు శాఖలో కింది అధికారి నుంచి సంయుక్త కార్యదర్శి దాకా ఒక్కొక్కరి బల్ల దాటి, మంత్రి ఆమోదంతో, అంకెలతో, అనుబంధ పట్టికలతో శాశ్వతంగా నమోదవుతుంది. నా మటుకు నాకు, సమాచారం రాబట్టాలంటే నక్షత్రం లేని ప్రశ్నే మేలు.

ఇక రాయడం దగ్గరికి వద్దాం. లోక్‌సభ నియమావళి ప్రకారం ప్రశ్న సాధారణంగా 150 పదాలు దాటకూడదు. వాదనలు, ఊహలు, వ్యంగ్యం, ఆరోపణలు ఉండకూడదు, అభిప్రాయం అడగకూడదు, కోర్టు విచారణలో ఉన్న విషయం ఎత్తకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ బాధ్యత కిందకు వచ్చే విషయమై ఉండాలి. ప్రజల కష్టాన్ని నేరుగా ప్రశ్నగా మారిస్తే ఈ జల్లెడలో నిలవదు.

ఉద్దానం కిడ్నీ వ్యాధిగ్రస్తుల గురించి ఒక ప్రశ్న రాయాల్సి వచ్చినప్పుడు నియోజకవర్గం నుంచి వచ్చిన వినతిపత్రంలో ఉన్న మాటలు ఇవి: "కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో ప్రజలు పిట్టల్లా రాలిపోతుంటే ప్రభుత్వం కళ్లు మూసుకున్న మాట వాస్తవమేనా?" బాధ నిజమే. కాని దాన్ని అలాగే పంపితే వాదన, వ్యంగ్యం అన్న కారణంతో లోక్‌సభ సచివాలయంలోనే ఆగిపోతుంది. ఆగకుండా లోపలికి వెళ్లినా "ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం" అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఎంపీ గారు ఆ కాగితం చదివి, "మన ఆవేశం పంపిస్తే వాళ్లు సానుభూతి పంపిస్తారయ్యా. తేదీ అడుగు, డబ్బు అడుగు" అన్నారు.

చివరకు ఆ ప్రశ్న నాలుగు భాగాలైంది. ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కారణాలపై భారత వైద్య పరిశోధన మండలి గాని, ఇతర కేంద్ర సంస్థలు గాని చేపట్టిన అధ్యయనాలు ఏవి, ఒక్కోటి ఏ తేదీన మొదలైంది. వాటిలో పూర్తయినవి ఏవి, నివేదికలు మంత్రిత్వ శాఖకు ఏ తేదీన అందాయి. ఆ నివేదికల సిఫార్సులలో అమలైనవి, కానివి ఏవి. గత ఐదేళ్లలో ఈ పనికి ఏటా విడుదల చేసిన మొత్తం, ఖర్చయిన మొత్తం ఎంత. పరిశోధన మండలి కేంద్రానిదే కాబట్టి రాష్ట్రం మీదకు నెట్టే వీలు లేదు. తేదీ అడిగాం కాబట్టి "పరిశీలనలో ఉంది" అంటే ఎప్పటి నుంచి పరిశీలనలో ఉందో కూడా చెప్పాలి. విడుదలైనదీ ఖర్చయినదీ విడివిడిగా అడిగాం కాబట్టి కేటాయింపు అంకె ఒక్కటి చూపించి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఒక్క మాట తేడాతో సమాధానం ఎంత మారుతుందో పోలవరం విషయంలో తెలుగువారికి బాగా అర్థమవుతుంది. "ప్రాజెక్టు ఎత్తు తగ్గిస్తున్నారా?" అని అడిగారనుకోండి, డిజైన్ ప్రకారం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు అని చెబితే ఆ జవాబు అబద్ధం కాదు, కాని మన భయమూ తీరదు. "ఏ మట్టం వరకు నీరు నిల్వ చేయడానికి అయ్యే పనులకు, పునరావాసానికి కేంద్రం నిధులు మంజూరు చేసింది?" అని అడిగినప్పుడే 41.15 మీటర్ల మాట బయటికి వస్తుంది. వ్యయం సంగతీ అంతే. 2017-18 ధరల ప్రకారం సాంకేతిక సలహా కమిటీ 2019లో అంగీకరించిన అంచనా 55,548.87 కోట్లు. ఆ తర్వాత సవరించిన అంచనాల కమిటీ సిఫార్సు చేసింది 47,725.74 కోట్లు. 2013-14 ధరల స్థాయిలో సాగునీటి భాగానికి లెక్కగట్టింది 20,398.61 కోట్లు. ఈ మూడు అంకెల్లో ఎవరికి అనుకూలమైనది వారు సభల్లో చదువుతుంటారు. కేంద్రం ఏ అంకెను అంగీకరించింది, ఏది సిఫార్సు దశలో ఉంది, ఏది చెల్లింపులకు ఆధారం అన్నది తేల్చుకోవడానికి జలశక్తి శాఖ పార్లమెంటుకు ఇచ్చిన లిఖిత సమాధానాలే దిక్కు. రాష్ట్రంలో ప్రభుత్వాలు మారినా, మంత్రులు మారినా ఆ కాగితాలు మారవు.

ఏ శాఖను అడగాలన్నది ఇంకో విద్య. 2020 సెప్టెంబరులో కరోనా కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేశారు, లిఖిత సమాధానాలు మాత్రం కొనసాగాయి. సమావేశాల మొదటి రోజునే, లాక్‌డౌన్‌లో ఇళ్లకు వెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారన్న ప్రశ్నకు కార్మిక శాఖ అలాంటి లెక్కలు తమ వద్ద లేవని చెప్పింది. లెక్కలే లేవు కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదంది. దేశమంతా దుమారం రేగింది. అదే సమావేశాల్లో కొద్ది రోజులకు, శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ప్రయాణిస్తూ సెప్టెంబరు 9 నాటికి 97 మంది మరణించారని, రాష్ట్ర పోలీసులు ఇచ్చిన సమాచారం ఆధారంగా రైల్వే మంత్రి రాజ్యసభకు లిఖితపూర్వకంగా తెలిపారు. ఒకే ప్రభుత్వం, ఒకే విషాదం. ఒక శాఖకు లెక్క లేదు, మరో శాఖకు దానిలో కొంత భాగానికి లెక్క ఉంది. రోడ్ల మీద నడుస్తూ చనిపోయినవారు రైల్వే లెక్కలోకి రారు, అది వేరే సంగతి. కాని ఎవరి ఆస్తి మీద, ఎవరి వాహనంలో, ఎవరి రిజిస్టరులో ఆ సంఘటన నమోదై ఉంటుందో ఊహించి ఆ శాఖను అడిగితే "లేదు" అనడం కష్టం. ఆ రెండు సమాధానాలను పక్కపక్కన పెట్టి కొత్తగా చేరినవారికి చాలాసార్లు చూపించాను.

ఇలాంటి "లెక్కలు లేవు" సమాధానాన్ని చాలామంది ఓటమిగా భావిస్తారు. నేను అలా అనుకోను. ఫలానా విషయంపై ప్రభుత్వం లెక్కలు సేకరించడం లేదని మంత్రి సంతకంతో ఒప్పుకోవడం కూడా ఒక సాక్ష్యమే. పత్రికలకు అది వార్త, ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసేవారికి అది ఆధారం, తర్వాతి సమావేశాల్లో "ఎందుకు సేకరించడం లేదు, ఎప్పటి నుంచి సేకరిస్తారు" అన్న మరో ప్రశ్నకు పునాది.

బయటివారికి అంతగా తెలియని వ్యవస్థ ఒకటుంది: ప్రభుత్వ హామీల కమిటీ. లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి ఉంది. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం", "విషయం పరిశీలనలో ఉంది" వంటి కొన్ని నిర్దిష్టమైన మాటలు సమాధానంలో ఉంటే వాటిని హామీగా లెక్కిస్తారు. మామూలుగా మూడు నెలల్లో ఆ హామీ నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని కమిటీని అడగాలి. కుదరదనుకుంటే ఆ హామీని తొలగించమని కారణం చెప్పి కోరాలి. కమిటీ అధికారులను పిలిపించి అడుగుతుంది. నాకు గుర్తున్న ఒక సందర్భంలో, పేరు చెప్పడం బాగుండదు గాని, ఒక శాఖ మా ప్రశ్న నాలుగు భాగాలకూ కలిపి సమాచారం సేకరిస్తున్నామని ఒకే వాక్యం రాసింది. అందరూ చిరాకుపడ్డారు. మా కార్యాలయంలో పాతకాపు ఒకాయన మాత్రం, "మంచిదే, బాకీ రాసిచ్చారు కదా" అని నవ్వి, ఒక రిజిస్టరులో ప్రశ్న సంఖ్య, తేదీ రాసుకున్నారు. గడువు దాటగానే కమిటీకి ఉత్తరం వెళ్లింది. ఆ తర్వాతి సమావేశాల నాటికి పట్టిక వచ్చింది, అందులో మన జిల్లాల వరుసలో ఖర్చు గడులు చాలావరకు సున్నాలే. ఆ కాగితం పట్టుకుని ఎంపీ గారు నేరుగా మంత్రిని కలిశారు. పని మొదలైందంటే ఆ భేటీ వల్లే, కాని ఆ సున్నాలు చేతిలో లేకపోతే ఆ భేటీలో మాట్లాడడానికి ఏమీ ఉండేది కాదు.

సమాధానంలో తప్పుంటే ఏమిటని కూడా మీరు అడగవచ్చు. మంత్రి ప్రకటనలో తప్పు ఉందని సభ్యుడు స్పీకరుకు లిఖితపూర్వకంగా తెలియజేసే పద్ధతి లోక్‌సభలో ఉంది, దాన్ని 115వ ఆదేశం అంటారు. ఉద్దేశపూర్వకంగా సభను తప్పుదోవ పట్టించారని భావిస్తే సభా హక్కుల ఉల్లంఘన తీర్మానం కోసం నోటీసు ఇవ్వవచ్చు. ఆచరణలో రెండోది రాజకీయ ఆయుధంగానే మిగిలింది. మొదటిది మాత్రం, ఓపిక ఉన్న సభ్యుడి చేతిలో పనికొస్తుంది.

పరిమితులూ తక్కువేమీ కావు. 2021 జులైలో, రెండో విడత కరోనా సమయంలో ఆక్సిజన్ కొరతతో మరణాలు ప్రత్యేకంగా నమోదైనట్లు రాష్ట్రాలు తెలియజేయలేదని కేంద్రం రాజ్యసభకు రాతపూర్వకంగా చెప్పింది. పడక కోసం, సిలిండర్ కోసం తిరిగిన ప్రతి కుటుంబమూ ఆ వాక్యం చదివి నిర్ఘాంతపోయింది. రాష్ట్రాలు పంపలేదు కాబట్టి మా వద్ద లేదు అన్నది అక్షరాలా సమాధానమే. రాష్ట్రాలను ఎవరు, ఎక్కడ అడగాలి? శాసనసభల్లో. మన రెండు రాష్ట్రాల శాసనసభలు ఏడాదిలో కూర్చునే రోజులే తక్కువ. సభ కూర్చోకపోతే ప్రశ్నలకు దారే సన్నబడిపోతుంది. ఇది పార్లమెంటు ప్రశ్నల లోపం కన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం.

ఇంకో మకిలి కూడా దాచకుండా చెప్పాలి. 2005లో డబ్బు తీసుకుని ప్రశ్నలు అడిగారని రహస్య కెమెరాల్లో దొరికిన 11 మంది ఎంపీలను ఉభయ సభలూ బహిష్కరించాయి. దాని తర్వాత జాగ్రత్తలు పెరిగినా, సభ్యుడు చదవకుండానే వెళ్లే ప్రశ్నలు, "ఇన్ని వందల ప్రశ్నలు అడిగాను" అని కరపత్రంలో వేసుకోవడానికి పంపే ప్రశ్నలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పటికే శాఖ వెబ్‌సైటులో ఉన్న పథకం వివరాలు అడిగే ప్రశ్న అలాంటిదే. దానికి వచ్చే మూడు పేజీల జవాబు ఆ పథకం ప్రచారపత్రంలాగే ఉంటుంది.

మీ ఎంపీ ఏ కోవలోకి వస్తారో తెలుసుకోవాలంటే పార్లమెంటు వెబ్‌సైటులో సభ్యుడి పేరుతో వెతికితే ఆయన అడిగిన ప్రశ్నలు, వాటి సమాధానాలు పీడీఎఫ్ రూపంలో దొరుకుతాయి. సంఖ్య చూడకండి. ఒకే అంశంపై రెండు మూడు సమావేశాల్లో వెంటపడ్డారా, లేదా అన్నది చూడండి. మీ ఊరి సమస్య మీద ప్రశ్న వేయించాలనుకుంటే, సమావేశాల తేదీలు ప్రకటించగానే మీ ఎంపీ కార్యాలయానికి పంపండి, మొదలయ్యాక పంపితే 15 రోజుల గడువుతో చాలా రోజులు చేజారిపోతాయి. వినతిపత్రంతో పాటు సంబంధిత కేంద్ర పథకం పేరు, మంజూరు ఉత్తర్వు సంఖ్య, తేదీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. సమావేశాల ముందు గుట్టగా వచ్చే ఉత్తరాల్లో నాలాంటి సహాయకుడు ముందుగా తీసేది ఆ వివరాలు ఉన్నదాన్నే.