పాత డాడ్జ్‌కి అసలు రేడియేటర్ ఏది?

ప్రశ్న: రావులపాలెంలో ముప్పయ్యేళ్లు రేడియేటర్లకు టంకం వేసి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి 1970 మోడల్ డాడ్జ్ చాలెంజర్ ఆర్‌టీ కొని, కంపెనీ నుంచి వచ్చిన నాటి రూపానికి తేవాలని చూస్తున్నాడు. ఇంజన్ 440 (ఘనపు అంగుళాల్లో దాని పరిమాణం), గేర్లు ఆటోమేటిక్, ఏసీ లేదు. ప్రస్తుతం బండిలో అల్యూమినియం రేడియేటర్ ఉంది. రాగి, ఇత్తడి రేడియేటర్లు రెండు అమ్మకానికి దొరికాయి: ఒకటి 22 అంగుళాలది, ఇంకొకటి 26 అంగుళాలది. రెండూ అసలువేనని అమ్మేవారు అంటున్నారు. ఏది తీసుకోమనాలి?
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: రెండూ అసలువే అయి ఉండవచ్చును గానీ, మీ అబ్బాయి బండికి వాటిలో ఒక కొలతే సరిపోతుంది. కాబట్టి అమ్మేవారి మాట పక్కన పెట్టి, ముందుగా బండిని పరిశీలించమనండి.

బానెట్ ఎత్తితే, డ్రైవర్ వైపు లోపలి మడ్‌గార్డు మీద ఫెండర్ ట్యాగ్ అనే చిన్న రేకు ఉంటుంది. దానిని కింది వరుస నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి చదవాలి. అందులో 26 అనే సంకేతం విడిగా కనిపిస్తే, ఆ బండి 26 అంగుళాల రేడియేటర్‌తోనే ఫ్యాక్టరీ దాటిందని అర్థం. కనిపించనంత మాత్రాన 22 అని తేల్చేయవద్దు. రేకు పోయినా, కొత్తగా చేయించినదనే అనుమానం ఉన్నా, ఆ బండికి ఏ భాగాలు బిగించాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం వెనక సీటు స్ప్రింగుల మధ్య ఇరుక్కుని ఉందేమో వెతకమనండి. చాలా బండ్లలో అది అక్కడే దొరికింది.

నా మటుకు నేను కాగితం కన్నా బండి ముందు భాగంలో రేడియేటర్‌ను పట్టి ఉంచే చట్రాన్నే ఎక్కువ నమ్ముతాను. ఈ రెండు కొలతలకూ చట్రంలోని ఖాళీ వెడల్పు వేరువేరుగా ఉండేది. పెద్ద రేడియేటర్ పట్టించడానికి చిన్న ఖాళీని కోసి వెడల్పు చేసినవారు ఉన్నారు గనుక, అంచుల వెంట కోత గీతలు, వెల్డింగు మచ్చలు, అతుకు రేకులు ఉన్నాయేమో చూడాలి. ఫొటోలు పంపమంటే ఆ అతుకులు మీ కంటికి దొరక్కపోవు.

కొలత తేలాక, పై ట్యాంకు మీది అంకెలు చూడాలి. డాడ్జ్ బండ్లను తయారు చేసిన క్రైస్లర్ సంస్థ అక్కడ ఏడంకెల పార్టు నంబరుతో పాటు తయారీ తేదీ సంకేతాన్ని కూడా అచ్చు వేసేది. ఫెండర్ ట్యాగ్‌లో కింది నుంచి రెండో వరుసలో బండి తయారీకి నిర్ణయించిన తేదీ ఉంటుంది. రేడియేటర్ తేదీ దానికి కొంచెం ముందుగా ఉండాలి. తర్వాతి తేదీ ఉన్నది కంపెనీ సరుకే కావచ్చు, షోరూములో విడిభాగంగా అమ్మినదీ కావచ్చు, అయినా ఈ బండితో పుట్టినది మాత్రం కాదు. అంకెలు కొత్తగా కొట్టి అమ్మేవారు ఉన్నారు, జాగ్రత్త. అజ్జరం ఇత్తడి బిందెల మీద పేర్లు కొట్టించుకునే మన ప్రాంతం వారికి, ఏళ్ల తరబడి తోమగా అరిగిన అక్షరానికీ నిన్న కొట్టిన అక్షరానికీ తేడా ఒకరు చెప్పనక్కర లేదు.

గేర్లు ఆటోమేటిక్ కనుక, కింది ట్యాంకులో గేర్ ఆయిల్ చల్లబడే గొట్టాలకు రెండు కనెక్షన్లు ఉండాలి. అవి లేనిది మాన్యువల్ గేర్ల బండిది.

ట్యాంకులు పాతవై, వాటి మధ్య నీటి గొట్టాలు, రేకులు ఉండే కోర్ మాత్రం కొత్తగా వేయించి ఉంటే దానిని నకిలీ అని తోసిపుచ్చవద్దు. యాభై ఏళ్లు దాటిన కోర్ మూసుకుపోవడం, కారడం సహజమని మీకు వేరే చెప్పాలా? అయితే ఆ సంగతి అమ్మేవారు ముందే చెప్పి, ధర తగ్గించాలి.

డబ్బు పంపే ముందు పై ట్యాంకు అంకెలు, కింది ట్యాంకు, టంకం గీతలు దగ్గరగా ఫొటో తీయించుకోమనండి. కొలిచే టేపు మాత్రం పక్క బ్రాకెట్లను వదిలి, కోర్ వెడల్పుకే పట్టాలి.