అండమాన్‌లో మూడు నెలలు కుటుంబంతో ఉండి ఆఫీసు పని చేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇద్దరికీ ఇంటి నుంచే పని. ఆరేళ్ల పాప, షుగర్ ఉన్న అమ్మగారు మీతో ఉంటారు. అక్కడి హ్యావ్‌లాక్ దీవిలో ఇల్లు తీసుకుని మూడు నెలలు ఉండాలని ఆలోచన. నెట్ పనికొస్తుందా, అమ్మగారికి కష్టమవుతుందా అని అడిగారు.

మేం కూడా ఇలాగే మూడు తరాలం కలిసి వెళ్లాం. నేను, మావారు, అప్పుడు యూకేజీ చదువుతున్న బాబు, మా అత్తయ్యగారు. డిసెంబర్ చివర్లో వెళ్లి మార్చి ఆఖరున వచ్చేశాం. నేను చెప్పేది ఒకటే: తప్పకుండా వెళ్లండి, కాకపోతే కాపురం పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టండి. హ్యావ్‌లాక్‌కి సెలవు పెట్టుకుని వెళ్లి రండి. (2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు. మాట్లాడేటప్పుడు మాత్రం అక్కడివాళ్లూ ఎక్కువగా పోర్ట్ బ్లెయిర్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.)

అందరూ ముందు అడిగేది నెట్ గురించే కాబట్టి అది చెప్పేస్తాను. ఒకప్పుడు అక్కడ అంతా శాటిలైట్ మీదే నడిచేది, మెయిల్ తెరుచుకోవడమే గగనం. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుల్ ప్రారంభమయ్యాక పరిస్థితి మారిపోయింది. దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ అది. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు హ్యావ్‌లాక్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్ లాంటి దీవులనూ కలుపుతుంది. మా ఇంటి ఓనర్ పెట్టించిన ఫైబర్ మీద ఇద్దరం ఒకేసారి వీడియో కాల్స్ మాట్లాడుకునేవాళ్లం. అయినా రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి, రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి తీసుకెళ్లండి. అక్కడ కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్లతోనే తయారవుతుంది, మధ్యమధ్యలో పోతుంటుంది. ఇంకో సంగతి, మెయిన్‌ల్యాండ్‌తో కలిపేది ప్రధానంగా ఆ ఒక్క కేబులే. దానికేదైనా అయితే ఎన్ని సిమ్‌లున్నా లాభం ఉండదు. "ఒక పూట నెట్ లేకపోతే కొంప మునుగుతుంది" అనే ప్రాజెక్టులో ఉన్నప్పుడు వెళ్లకండి.

ఇల్లు చూసుకునేటప్పుడు నెట్ స్పీడు కంటే ముందు నీళ్ల గురించి అడగండి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట నీళ్లకి కరువేంటి అనుకుంటాం. కానీ ఊరికి ముఖ్యమైన ఆధారం ధనిఖారి డ్యామే. వానలు ఆగిపోయి జనవరి దాటాక అందులో మట్టం పడిపోతుంటే కుళాయి వంతులవారీగా వదులుతారు. మేమున్న వీధిలో ఫిబ్రవరి నుంచి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ కొద్దిసేపే. మా ఇంటికి పెరట్లో బావి ఉంది కాబట్టి గడిచిపోయింది. ఎదురింటివాళ్లు నీళ్లొచ్చే వేళకి పనులన్నీ ఆపుకుని ఇంట్లో ఉండాల్సి వచ్చేది. ఆ టైముకి మీకు స్టాండప్ మీటింగ్ ఉందనుకోండి, ఏం చేస్తారు? అందుకే బావి ఉందా, సంపు ఎంత పెద్దది, ఎండాకాలంలో ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఈ మూడూ ఓనర్‌ని కాకుండా పక్కింటివాళ్లని అడగండి.

రెండోది, అంతకంటే ముఖ్యమైనది, పగటి వెలుగు. అండమాన్ మనకంటే చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. దాంతో డిసెంబర్‌లో ఐదున్నరకే తెల్లారి, సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు అస్తమిస్తాడు. మార్చిలో కూడా ఐదున్నరకి పొద్దుగూకుతుంది. తొమ్మిది నుంచి ఆరు షిఫ్టు చేసేవాళ్లు ల్యాప్‌టాప్ మూసి బయటికొచ్చేసరికి చిమ్మచీకటి. సముద్రం పక్కనే ఉండి కూడా దాన్ని శనివారం, ఆదివారం తప్ప చూడరు. మావారిది లండన్ టీమ్, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మొదలు. ఆయనకి పొద్దుటంతా ఖాళీ. నేను మా మేనేజర్‌తో ముందే మాట్లాడుకుని ఏడింటికే లాగిన్ అయ్యేదాన్ని, నాలుగుకల్లా లేచిపోయేదాన్ని. ఆ ఒక్క గంట వెలుగే మా రోజుకి ప్రాణం. బాబునీ అత్తయ్యగారినీ ఆటోలో ఎక్కించుకుని కార్బిన్స్ కోవ్ బీచ్‌కి వెళ్తే, చీకటి పడేలోపు వాడు ఇసుకలో ఆడుకునేవాడు, ఆవిడ కొబ్బరిచెట్ల కింద కూర్చునేవారు. మీ ఇద్దరి షిఫ్టుల్లో కనీసం ఒకటి మార్చుకోగలరేమో టికెట్లు కొనకముందే చూసుకోండి.

కార్బిన్స్ కోవ్ అన్నాను కాబట్టి చెబుతున్నాను: వలకట్టి, ఈత కొట్టొచ్చని గుర్తుపెట్టిన చోట తప్ప పిల్లల్ని నీళ్లలోకి దింపకండి. ఉప్పునీటి మొసళ్లు అక్కడ నిజంగానే ఉన్నాయి. మడ అడవులూ వాగులూ సముద్రంలో కలిసే చోట్ల బోర్డులు పెట్టి ఉంటాయి. లైఫ్‌గార్డు ఈల వేస్తే వెంటనే బయటికి రావాలి. అలాగే పాప ఏరుకున్న పగడం ముక్కలు బ్యాగులో పెట్టకండి, అవి దీవులు దాటించడం నేరం, ఎయిర్‌పోర్టులో తనిఖీ చేస్తారు.

ఇక అమ్మగారి విషయం. పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండమని నేను గట్టిగా చెప్పడానికి సగం కారణం ఆవిడే. దీవులన్నిటికీ పెద్ద దిక్కు ఆ ఊళ్లోని జి.బి. పంత్ ఆసుపత్రి. హ్యావ్‌లాక్‌లో ఏదైనా అయితే పడవలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు, అదీ సముద్రం ఒప్పుకుంటేనే. గాలి ఎక్కువగా ఉన్న రోజు పడవలు రద్దవుతాయి, రాత్రిపూట మామూలు సర్వీసు ఉండదు. పెద్ద సమస్యలైతే పోర్ట్ బ్లెయిర్ నుంచి కూడా చెన్నైకి తీసుకెళ్తుంటారు. షుగర్ మందులు, స్ట్రిప్పులు ఉండే రోజులకి సరిపడా, పైన ఇంకో నెలకీ తీసుకెళ్లండి. ఇన్సులిన్ అయితే కరెంటు పోయినప్పుడు చల్లగా ఉంచే డబ్బా కూడా.

అమ్మగారికి అక్కడ తోచదేమో అని మీకు భయం ఉన్నట్టుంది. మాకూ అదే బెంగ. అత్తయ్యగారిది టెక్కలి దగ్గర పల్లె, హిందీ ముక్క రాదు. రెండో వారంలో జంగ్లీఘాట్ చేపల మార్కెట్‌కి తీసుకెళ్లాను. వంజరం ఎంత అని నేను హిందీలో అడుగుతుంటే, బల్ల వెనక కూర్చున్నావిడ అత్తయ్యగారి వైపు చూసి, "ఏటమ్మా, మీదే ఊరేటి?" అంది. ఆవిడ తాత శ్రీకాకుళం తీరం నుంచి వేటకొచ్చి ఉండిపోయాడట. అత్తయ్యగారు ఊరు చెప్పగానే ఆవిడ కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని లేచొచ్చి, ఆ ఊళ్లో తమ చుట్టాలింటి పేరు చెప్పింది. ఇద్దరూ అక్కడే నిలబడి ఎవరెవరో లెక్కలు తీస్తుంటే నా మీటింగ్ టైము దాటిపోతోంది, కదలమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు అత్తయ్యగారే ఆటో మాట్లాడుకుని వెళ్లొచ్చేవారు. 2011 జనాభా లెక్కల్లో దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. మత్స్యకార కుటుంబాలే చూసుకుంటే ఉత్తరాంధ్రవాళ్లు చాలామంది కనిపిస్తారు. మీ అమ్మగారు ఒంటరిగా ఉండరు.

సెల్యులార్ జైలుకి కూడా ఆవిడని తీసుకెళ్లండి, సాయంత్రం లైట్ షో కంటే పగలే మంచిది, తీరిగ్గా తిరగొచ్చు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ విప్లవకారుడు ప్రతివాది భయంకరాచారి గారిని పంపింది అక్కడికే. వెళ్లేముందు ఆ కథ పాపకి చెప్పి ఉంచండి, గదులు చూసినప్పుడు వేరేగా ఉంటుంది.

తిండికి లోటు లేదు, ధర మాత్రం ఉంటుంది. చేపలు, కొబ్బరికాయలు, అరటిపళ్లు అక్కడివే. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పప్పులు ఓడలో రావాల్సిందే, ఓడ ఆలస్యమైతే ఆ వారం ధర పెరుగుతుంది. కారం, చింతపండు, ఆవకాయ ఇంటి నుంచి పట్టుకెళ్లండి.

పాప చదువు దగ్గర మీకు మాకంటే కష్టం. యూకేజీ కాబట్టి మా స్కూలువాళ్లు పట్టించుకోలేదు. ఒకటో తరగతి అంటే హాజరు అడుగుతారు. మూడు నెలల కోసం అక్కడి బడిలో చేర్పించడం నాకు సబబుగా తోచదు. వేసవి సెలవుల్లో వెళ్దామంటే ఏప్రిల్‌లో ఉక్కపోత, నీళ్లకొరత, మే నెలాఖరుకి వానలు పట్టుకుంటాయి. హెడ్‌మిస్ట్రెస్‌తో ముందే మాట్లాడి, పాఠాలు మీరే చెప్పుకుంటామని, పరీక్షలకి తిరిగొస్తామని రాసివ్వండి. ఒప్పుకోకపోతే మూడు నెలలు కాకుండా సంక్రాంతి సెలవులు కలిసొచ్చేలా నాలుగైదు వారాలు చాలు. అంత తక్కువైతే నెలవారీ అద్దె ఇళ్ల కోసం వెతక్కండి, వంటగది ఉన్న హోమ్‌స్టే మేలు.

బాలీ, మారిషస్ కూడా ఆలోచించామన్నారు. అక్కడికైతే వీసాతో పాటు మీ కంపెనీ వేరే దేశం నుంచి పనిచేయడానికి అనుమతి ఇవ్వాలి, పన్నుల సంగతి వేరే. అండమాన్‌కి ఆ తలనొప్పి లేదు. పోర్ట్ బ్లెయిర్, హ్యావ్‌లాక్, నీల్ దీవులకి మనకి పర్మిట్ అక్కర్లేదు. నికోబార్‌కీ, ఆదివాసీ ప్రాంతాలకీ వేరే అనుమతి కావాలి, అక్కడికి విహారానికి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. బారాటాంగ్ దీవికి వెళ్లే రోడ్డు జరావా అనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. బళ్లన్నీ వరసగా కాన్వాయ్‌లో వెళ్లేటప్పుడు వాళ్ల ఫొటోలు తీయడం, ఏమైనా ఇవ్వడం నేరం. పాపకి కూడా ముందే చెప్పండి.

చివరగా వైజాగ్ ఓడ గురించి అడిగారు. ఉంది, కానీ నెలకి ఒకటీ అరా, రెండున్నర మూడు రోజుల ప్రయాణం, తేదీలు మారుతుంటాయి. సోమవారం లాగిన్ అవ్వాల్సినవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు. వెళ్లేటప్పుడు విమానంలో వెళ్లండి, హైదరాబాద్ నుంచైనా చెన్నై నుంచైనా రెండు రెండున్నర గంటలు. తిరుగు ప్రయాణానికి సెలవులు మిగిలితే ఓడ ఎక్కొచ్చు, మార్చిలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అమ్మగారితో కాబట్టి అందరూ ఒకే హాల్లో పడుకునే బంక్ క్లాసు కాకుండా కేబిన్ తీసుకోండి, కింది బెర్తు అడగండి.