మండలం కిందనే దాని గ్రామాలు రావాలంటే

ప్రశ్న: మండలాలనూ గ్రామాలనూ ఒకే పట్టికలో ఉంచి, ప్రతి గ్రామం వరుసలో దాని మండలం ఐడీని ‘పేరెంట్ ఐడీ’గా రాశాము. మండలం, దాని కింద అక్షరక్రమంలో గ్రామాలు రావాలంటే ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాషలో) ఎలా అడగాలి? చంద్రగిరి గ్రామాలను మాత్రమే తీయడం ఎలా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పట్టికను దానితోనే జోడించాలి. ఒకే పట్టికకు ‘పిల్ల’, ‘తల్లి’ అని రెండు మారుపేర్లు పెట్టి, పిల్ల పేరెంట్ ఐడీ తల్లి ఐడీతో సరిపోలాలని షరతు రాయండి. మండలాల వరుసల్లో పేరెంట్ ఐడీ నల్‌గా (ఖాళీగా) ఉంటుంది కనుక, జత దొరికిన వరుసలనే ఇచ్చే ఇన్నర్ జాయిన్ వాడితే అవి ఫలితంలోంచి తప్పిపోతాయి; జత లేకున్నా పిల్ల వరుసలన్నిటినీ ఉంచే లెఫ్ట్ జాయిన్ వాడాలి.

అసలు చిక్కు ఫలితం క్రమాన్ని నిర్ణయించే ఆర్డర్ బైలో ఉంది. మొదట కోఅలెస్‌తో తల్లి పేరును, అది నల్ అయితే సొంత పేరును తీసుకోండి. ఒకే పేరుతో రెండు మండలాలుంటే కలగాపులగం కాకుండా ఐడీని కూడా అదే పద్ధతిలో చేర్చండి. ఆపైన తల్లి లేని వరుసను ముందుంచే కేస్ (షరతును బట్టి విలువనిచ్చేది), చివర సొంత పేరు రాయండి. కేస్‌ను వదిలేస్తే, అక్షరక్రమంలో ముందుండే ఐతేపల్లె తన మండలమైన చంద్రగిరికే పైకెక్కి కూర్చుంటుంది.

చంద్రగిరి గ్రామాలనే తీసే వడపోతకు, షరతులు రాసే వేర్‌లో తల్లి ఐడీని చంద్రగిరి ఐడీతో పోల్చితే చాలు. అప్పుడు మండలం వరుస రాదు, మీరు కోరినదీ అదే. జిల్లా స్థాయిని కూడా చేర్చదలిస్తే రికర్సివ్ సీటీఈని (తన ఫలితాన్నే మళ్లీ వాడుకుంటూ స్థాయిల వెంట వెళ్లే తాత్కాలిక ప్రశ్నను) వాడవచ్చు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అది 8.0 వెర్షన్ నుంచి ఉంది.