తంగేడు తోటలో బతుకమ్మ ఆడవచ్చునా?

ప్రశ్న: మా కాలనీ పార్కులో ఒక మూలను తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ కేటాయించి తంగేడు, జిల్లేడు, కరివేపాకు, తులసి, గునుగు వంటి మన నేల మొక్కలనే పెంచుతున్నాము. నెలకొకసారి కాలనీవాసులందరమూ అక్కడ కలుసుకోవాలని ఆలోచన. ఈగలు కుడతాయని కొందరు, జనం తిరిగితే తోట పాడవుతుందని మరికొందరు అభ్యంతరం చెబుతున్నారు. బతుకమ్మకు ఆ పూలు కోయవచ్చునా అన్న దగ్గర వాదం మరీ ముదిరింది. సలహా ఇవ్వగలరు.
– కాలనీ సంఘం కార్యదర్శి, హనుమకొండ

జవాబు: తప్పక కలుసుకోండి. అయితే వేళను మీ సౌకర్యాన్ని బట్టి కాక తోటను బట్టి నిర్ణయించుకోండి. సీతాకోకచిలుకలు ఎండలో రెక్కలు కాచుకున్న తర్వాతే చురుకుగా ఎగురుతాయి కనుక ఉదయం 8 గంటల తర్వాత మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించడం మంచిది. మైకు, కుర్చీలు, సన్మానాలు ఈ సమావేశానికి అక్కరలేదు.

వచ్చినవారిని ముందుగా కరివేపాకు మొక్క దగ్గరకు తీసుకువెళ్లండి. ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించేది నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు కావచ్చును. అదే పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి రెండు ఎర్రని కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది. ఆ దృశ్యం చూసిన పిల్లలు ఇక ఆ మొక్కకు మందు కొట్టనివ్వరు. ఆకులు చిల్లులు పడ్డాయని ఫిర్యాదు చేసే పెద్దలకు కూడా, పురుగుకు మేత లేని చోట సీతాకోకచిలుక ఉండదన్న సంగతి అక్కడే తెలుస్తుంది. తర్వాత తంగేడు దగ్గర కాసేపు నిలబడండి. దాని పుప్పొడి కేసరాల కొననున్న చిన్న రంధ్రాల నుంచే బయటికి రావాలి. నల్లని తుమ్మెద పువ్వును పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిరించినప్పుడు ఆ పొడి దాని పొట్ట మీద రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. జిల్లేడును మాత్రం దూరం నుంచే చూపించండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

కుట్టే భయం నిరాధారమైనది కాదు, కానీ అది పూల మీద వాలే ఈగల వల్ల కాదు. మేతకు వచ్చిన ఈగ, మీద చేయి వేస్తేనో తొక్కితేనో తప్ప సాధారణంగా కుట్టదు. జాగ్రత్త పడవలసింది చెట్ల కొమ్మలకూ మేడల చూరులకూ వేలాడే పెద్ద తేనెపట్ల విషయంలో. వాటికి పొగ తగిలితే ఆ ఈగలు గుంపుగా మీదపడతాయి, రాత్రివేళ దీపాల వెలుతురుకు కూడా వస్తాయి. కార్తీక వనభోజనాలు అక్కడే పెట్టుకోదలిస్తే పొయ్యిని తేనెపట్టుకు దూరంగా, గాలి అటు వీయని దిక్కున పెట్టించండి. తేనెటీగ కుడితే ఒంటికి పడనివారు మీలో ఎవరైనా ఉన్నారేమో ముందే అడిగి తెలుసుకోండి.

సంఘం నిధులు కాస్త మిగలగానే టైల్స్ పరచాలనిపించడం కాలనీలకు ఉన్న అలవాటే. ఆ పని చేయకండి. గుంపుగా పట్టు పెట్టకుండా ఒంటరిగా బతికే మన ఈగలలో చాలా జాతులు ఉత్త నేలలోనే బొరియలు చేసి గుడ్లు పెడతాయి. కూర్చోవడానికి రెండు చాపలు చాలు, నడవడానికి ఒక సన్నని బాట చాలు. పార్కులో దోమల మందు పొగ ఎప్పుడు వదులుతారో పురపాలక సిబ్బందిని అడిగి, ఈ మూలను వదిలివేయమని రాతపూర్వకంగా కోరండి.

ఇక బతుకమ్మ. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మ 2014 నుంచి రాష్ట్ర పండుగ. ఆ పూలు కోయరాదని ఆడపడుచులకు చెప్పడం నా దృష్టిలో న్యాయం కాదు, చెప్పినా ఎవరూ వినరు. కోసే పద్ధతి మాత్రం మార్చవచ్చును. తంగేడును కొమ్మలతో విరవకుండా పూల గుత్తులను మాత్రమే తుంచాలి, ఎందుకంటే లేత ఆకుల మీద లేతాకుపచ్చ ఛాయగల తెల్ల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఒక్కో మొక్కకు సగం పూలు వదలాలి. గునుగు సంగతి వేరు. అది ఏటా గింజతోనే మొలవాలి కనుక కొన్ని మొక్కలను పూర్తిగా ముట్టకుండా ఎండనివ్వాలి. ఆ మొక్కలకు ఎర్రదారం కట్టే పని అమావాస్యకు ముందు జరిగే సమావేశంలో పిల్లలకు అప్పగించండి. పండుగ తర్వాత నల్లని గింజలు రాలే సమయానికి మళ్లీ కలుసుకుని, వాటిని దులిపి ఇళ్లకు పంచుకుంటే, వచ్చే ఏడు పూలకోసం పార్కు మీద పడే భారం కూడా తగ్గుతుంది.