వెబ్ ఆప్షన్లు, ఆదాయ సర్టిఫికెట్: ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. మేం బీసీలం, రెండెకరాల సాగు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌కు తను చదువుకుంటోంది, మా వైపు నుంచి ఏం సిద్ధం చేసుకోవాలి? వెబ్ ఆప్షన్లలో, అంటే కోరుకున్న కాలేజీలను ఆన్‌లైన్‌లో వరుసగా ఇచ్చేటప్పుడు, పెద్ద కాలేజీలు ముందు పెడితే చిన్నవి కూడా పోతాయంటున్నారు, నిజమేనా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: పోవు. సీట్లు ర్యాంకుల వరుసలో ఇస్తారు. మీ అమ్మాయి వంతు రాగానే మొదటి ఆప్షన్‌లో సీటుందా అని చూస్తారు. లేకుంటే రెండోది, ఆ తర్వాత మూడోది. పైన అందని కాలేజీ పెట్టినందుకు కిందిదానికి ఏ నష్టమూ లేదు. అసలు దెబ్బ తగిలేది పది ఆప్షన్లతో ఆపేసినప్పుడు, లేదా చేరే ఉద్దేశం లేని కాలేజీని మధ్యలో ఇరికించినప్పుడు. అది వస్తే దాని కిందవి ఆ విడతలో ఇక చూడరు. నిరుటి చివరి ర్యాంకులను కాలేజీ, బ్రాంచి, మీ బీసీ గ్రూపు, అమ్మాయిల కాలమ్ ప్రకారం చూసి, ముందు నోట్‌బుక్‌లో వరుస రాసుకోండి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల చేతికి ఓటీపీ ఇచ్చి వచ్చేయకండి.

వరంగల్ నిట్ ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల జాబితాలో కనిపించదు. అందులో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకుతో జోసా (ఐఐటీ, నిట్‌ల ఉమ్మడి కౌన్సెలింగ్) ద్వారా వస్తాయి, సగం తెలంగాణ వాళ్లకే. ఆ పరీక్షా రాయించండి.

ఇక కాగితాలు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. బడి మారి ఉంటే పాత బడి నుంచి ఇప్పుడే తెచ్చుకోండి, వేసవి సెలవుల్లో అక్కడ ఎవరూ దొరకరు. కుల సర్టిఫికెట్ మీసేవలో తీసుకోవచ్చు. ఆదాయ సర్టిఫికెట్‌కు మాత్రం తొందరపడొద్దు: చేరే ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చిందే చెల్లుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర ఇబ్బంది వస్తుంది.

పరీక్ష గురించి ఒక్క మాట: 160 ప్రశ్నలు, మూడు గంటలు. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కుల్లేవు. కెమిస్ట్రీ 30 నిమిషాల్లో, ఫిజిక్స్ 50లో ముగిస్తే గణితానికి 95 మిగులుతాయి. చివరి ఐదు నిమిషాలు ఖాళీగా వదిలినవాటిలో ఏదో ఒకటి గుర్తించడానికే.